కలగలుపు గింజల జావ

మొన్న మా మనవరాలు బజారు నుంచి ఒక ప్లాస్టిక్ ప్యాకెట్ తెచ్చి నా ముందు పెట్టి, నీ షుగరుకు ఇదే మంచిదని డాక్టరు చెప్పాడు, ఇకనుంచి నీకు ఇదే అన్నం అని చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయింది. కళ్లజోడు పెట్టుకుని చూద్దును కదా, కొర్రలూ సామలూ ఊదలూ ఆరికలూ అన్నీ కలిపేసి ఒకే సంచీలో పోసి అమ్ముతున్నారు. నా చెయ్యి ఊరికే ఉండదు కాబట్టి పళ్లెంలో పోసుకుని, కొర్రలు ఒక పక్కకు, సామలు ఒక పక్కకు ఏరడం మొదలుపెట్టాను. మనవరాలు మళ్లీ వచ్చి చూసి, కలిపి తినమని అమ్మితే నువ్వు విడదీస్తావేంటి అవ్వా అని నవ్వింది. కలగలుపు గింజల జావ గురించి నాకు చెప్పడానికి వచ్చింది చూడండి. ఆ జావ సంగతి దానికి చెప్పినా అర్థం కాదు. మార్కాపురం, గిద్దలూరు వైపు పుట్టి కరువు చూసిన నా ఈడు వాళ్లు ఎవరైనా మిగిలి ఉంటే, వాళ్లతో చెప్పుకుందామని ఇది రాస్తున్నాను.

మాది అర్ధవీడుకు కొంచెం ఇవతల ఒక చిన్న ఊరు. అప్పట్లో మా తాలూకా కర్నూలు జిల్లాలో ఉండేది, ఆ జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, ఆ మద్రాసు ఎక్కడుందో మాత్రం మా ఊళ్లో చూసివచ్చినవాళ్లు లేరు. యుద్ధం జరుగుతున్న రోజులు. వరసగా వానలు ఎగ్గొట్టి, వాగులో చెలమలు కూడా ఎండిపోయిన ఏడాది అది. మాకు భూమి ఉండేది, భూమి ఉన్నవాళ్లమనే పేరూ ఉండేది, ఆ ఏడు పేరు తప్ప ఇంకేమీ మిగల్లేదు. నాయన ఎద్దులను తెగనమ్మి గింజలు కొని, అవి కూడా అయిపోతుంటే పని వెతుక్కుంటూ బెజవాడ వైపు పోయాడు. ఇంట్లో మిగిలింది నలుగురం. నాయన తల్లి, ఆమెను మేము జేజి అని పిలిచేవాళ్లం. చలిజ్వరంతో మంచం పట్టిన అమ్మ. నేను. ఇంకా నడక సరిగా రాని మా తమ్ముడు. జ్వరానికి అమ్మ పాలు ఎండిపోయాయి.

జేజి మాటకు ఇంట్లో ఎదురులేదు. మైల, అంటు, ఎంగిలి అని పొద్దున్న లేచింది మొదలు ఆమె గీసే గీతలు దాటకుండా తిరగడమే మా పిల్లల చదువు. నవ్వితే పళ్లు అరిగిపోతాయన్నట్టు ఉండేది. కోతలైన చేలో పరిగె ఏరుకోవడానికి వాగు అవతలి పల్లె పిల్లలు వస్తే, రాలిన నాలుగు కంకుల కోసం గట్టు మీద నిలబడి కేకలేసి తరిమేది. నాకు మాత్రం పడుకునేటప్పుడు వీపు నిమిరేది, అందుకని ఆమె చెడ్డ మనిషని నేను ఎప్పుడూ అనుకోలేదు.

వాగు అవతల ఉండేది పల్లె, ఊరు అంటరానివాళ్లని వెలిగా ఉంచినవాళ్ల ఇళ్లు. మా చేలలో కలుపులు తీసేదీ కోతలు కోసేదీ వాళ్లే. మా తాత కాలంలోనే వాళ్లంతా రోమన్ కేథలిక్కుల్లో కలిశారట. వాళ్ల గుడి బోదగడ్డి కప్పిన పొడుగాటి పాక. గంటకు బదులు ఒక రైలుపట్టా ముక్కను వేలాడదీసి కొట్టేవాళ్లు, ఆ మోత మా ఇంటిదాకా వినిపించేది. తెల్ల అంగీ, గుండెల దాకా గడ్డం ఉన్న, సముద్రం అవతలి సీమ నుంచి వచ్చిన ఒక దొర స్వాములవారు మార్కాపురం వైపు నుంచి ఎద్దుల బండి మీద వచ్చి పూజ చేసి పోయేవారు. ఆ ఏడు ఆయన ఇద్దరు కన్యస్త్రీలను వెంటబెట్టుకుని వచ్చి, అక్కడే ఉండిపోయి, గుడి ముందు గంజి పొయ్యి పెట్టించారు. ఏ మతం, ఏ కులం అని అడగకుండా గిన్నె తెచ్చుకున్నవాళ్లకల్లా పోసేవాళ్లు. అడవి నుంచి చెంచులు కూడా దిగివచ్చి వరసలో నిలబడ్డారు. మా వీధి వాళ్లు మాత్రం పోలేదు. గాలి ఇటు తిరిగితే గంజి వాసన వచ్చేది, మేము కిటికీ మూసుకునేవాళ్లం.

కన్యస్త్రీల్లో ఒకామె దొరసాని, తెలుగు అంతంత మాత్రం. గుడిలో జపాలు నేర్పే ఉపదేశి ఉండేవాడు, ఆయన భార్య ఈమె వెంట తిరుగుతూ మాట సాయం చేసేది. అమ్మ జ్వరం సంగతి ఎట్లా తెలిసిందో గానీ, ఒకరోజు ఇద్దరూ మా వాకిట్లోకి వచ్చి కొయినా బిళ్లలు ఇచ్చారు. మందుకు అంటు లేదని జేజి తనకు తనే తీర్పు చెప్పుకుని, చెంగు చాచి దూరం నుంచి వేయించుకుంది. దొరసాని మాత్రం నా చంకలో ఉన్న తమ్ముణ్ణి చూస్తూ నిలబడిపోయింది. వాడు అప్పటికే ఏడవడం మానేశాడు. పిల్లవాడు ఏడిస్తే విసుక్కుంటాం గానీ, ఏడవాల్సినవాడు ఏడవకపోతే ఎంత భయమో నాకు అప్పుడే తెలిసింది.

మరునాడు ఆమె మూతపెట్టిన గిన్నెలో పొగలు కక్కే గంజి స్వయంగా మోసుకువచ్చింది. జేజి గడపకు అడ్డంగా నిలబడి, వండింది మా ఇంట్లోకి రాదు తల్లీ, తీసుకపోండి అంది. దొరసానికి వేరే అర్థమైంది. గంజి చెడిపోయిందేమోనని ముసలామె భయపడుతోంది అనుకున్నట్టుంది, మూత తీసి, గరిటెతో కొంచెం తను తాగి చూపించి, చిరునవ్వు నవ్వి, మళ్లీ గిన్నె చాపింది. ఉపదేశి భార్య ఆపేలోపే అయిపోయింది, పాపం ఆమె కళ్లు మూసుకుంది. అంటుకు తోడు ఎంగిలి కూడా కలిసింది. జేజి తలుపు వేసేసింది. ఆ రోజు జేజి మీద వచ్చినంత కోపం నాకు బతుకులో మళ్లీ ఎవరి మీదా రాలేదు. ఆ వెర్రిబాగుల దొరసాని మీదా వచ్చింది, తాగకుండా ఊరుకుని ఉంటే ఇంకో మాట చెప్పి ఒప్పించేవాళ్లేమో కదా అని. లోపల చల్లారిన పొయ్యి దగ్గర జేజి తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకుని, వేలితో బెల్లం నీళ్లు నాకిస్తూ ఏడుస్తోంది. ఆమె ఏడవడం నేను చూసింది అదే మొదలు.

తెల్లవారగానే ఉపదేశి భార్య ఒక్కతే వచ్చింది. గుడ్డమూట ఒకటి మా అరుగు మీద పెట్టి, వెనక్కి నడిచి వాకిలి చివర నిలబడింది.

"ఇది పొయ్యి మొహం చూసింది కాదు పెద్దమ్మా. వట్టి గింజలే. నీ కుండ, నీ నీళ్లు, నీ చేత్తోనే కాసి పొయ్యి. సాములోరు పంపినారు" అంది.

జేజి అరుగు మీదికి వచ్చింది. మూట విప్పి చాటలో పోసి చెరగబోయి, చెయ్యి ఆపేసింది. నేను వంగి చూశాను. కొర్రలు, వరిగలు, తెల్లజొన్నలు, సజ్జలు, అక్కడక్కడ నాలుగు నూకలు. సీమ నుంచి వచ్చిన బస్తాలో అయితే ఒకటే గింజ ఉంటుంది. దుకాణంలో కొన్నా అంతే. ఇన్ని రకాలు ఒక్క మూటలో ఎట్లా కలిశాయో నాకు తెలియలేదు, పుట్టిందగ్గర్నుంచి గింజలతో బతికిన జేజికి మాత్రం అనుమానం వచ్చింది.

"ఇవి సాములోరి గింజలు కావు. యాడివో నిజం చెప్పు" అంది.

ఉపదేశి భార్య అప్పుడు చెప్పింది. పల్లెలో ఏ ఇంట్లో అయినా ఎసట్లో గింజలు పోసేముందు ఒక పిడికెడు తీసి దేవుడి పేరిట పక్క కుండలో వేస్తారు. ఆదివారం ఆ కుండ తెచ్చి గుడిలో కుమ్మరిస్తారు. ఎవరు ఏది తింటే అది. ఆ వారం ఎవరి పొయ్యి వెలగలేదో వాళ్లకు స్వాములవారు పంపిస్తారు. "మీ ఇంటి మీద పొగ లేవడంల్యా. పల్లెంతా చూస్తానే ఉండాం" అంది.

"మీరే గంజికి నిలబడుతుండారు గదే. ఈ కరువులో గూడా యేస్తుండారా?"

"పిడికిలి చిన్నదైంది పెద్దమ్మా. యేసేది మాన్లేదు."

జేజి చాట ఒళ్లో పెట్టుకుని అట్లాగే కూర్చుండిపోయింది. దొర ఇచ్చింది తీసుకోవడం వేరు, తను చేలోంచి తరిమిన పిల్లల కుండల్లోంచి వచ్చింది తీసుకోవడం వేరు, ఆమెకు ఆ తేడా తెలుసు. తిరిగి ఇచ్చేస్తుందనే అనుకున్నాను. ఆమె తమ్ముడి వైపు ఒకసారి చూసి, కనీసం రకాలు కూడా ఏరకుండా, లేచి గింజలన్నీ తిరగలిలో పోసింది. నేను చితుకులు తెచ్చాను. ఆ జావకు ఏ గింజ రుచీ లేదు, అన్ని గింజల రుచీ ఉంది. తమ్ముడు మొదట చప్పరించాడు, తర్వాత మింగాడు, గిన్నె పక్కకు తీస్తే గట్టిగా ఏడ్చాడు. ఆ ఏడుపు విని అమ్మ మంచం మీంచి లేచి కూర్చుంది. వాకిలి చివరి నుంచి ఉపదేశి భార్య నొసటి మీద సిలువ గుర్తు వేసుకుని వెళ్లిపోయింది.

వానలు పడేదాకా ఆ మూట వస్తూనే ఉంది. మందు ఇచ్చి, గంజి పోసి మతంలో కలుపుకుంటారనే మాట ఆ రోజుల్లో గట్టిగానే ఉండేది, నాయన తిరిగివచ్చి ఈ సంగతి విని మొదట రుసరుసలాడాడు కూడా. ఆ మాట ఉత్త అబద్ధమని నేను అనను, కడుపు నిండాక జపాలు నేర్చుకున్నవాళ్లు ఉన్నారు. మమ్మల్ని మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదు. మేము వెంకటేశ్వరస్వామికి మొక్కుకుంటూనే ఆ గింజలు తిన్నాం.

పంట ఇంటికొచ్చిన ఏడు జేజి పొయ్యి పక్కన ఒక చిన్న మట్టికుండ పెట్టింది. పొద్దూ మాపూ ఎసట్లో పోసేముందు పిడికెడు అందులో వేసేది. ఆదివారం రైలుపట్టా మోత వినగానే కుండ తెచ్చి అరుగు మీద పెడితే ఉపదేశి భార్య వచ్చి ఒడిలో పోసుకుపోయేది. ఆమె అరుగు ఎక్కలేదు, జేజి ఎక్కమననూ లేదు, అంత మార్పు మా ఇంట్లో జరిగిందని చెబితే కళ్లు పోతాయి. పరిగెకు వచ్చిన పిల్లలను మాత్రం మళ్లీ ఎన్నడూ తరమలేదు. ఒకసారి నేను ఆ కుండలో మంచి కొర్రలే వేద్దామని ఏరుతుంటే, వద్దని నా చెయ్యి పట్టుకుంది. "అన్నిట్లో కలిసిపోవాలమ్మే. ఇది మన గింజని తినేవాళ్లకు తెల్సకూడదు" అంది. జేజి చనిపోయేదాకా ఆ కుండ ఖాళీగా ఉండటం నేను చూడలేదు. తమ్ముడు మనవలను ఎత్తుకుని, నిండు వయసులో పోయాడు.

ఇదంతా తలుచుకుంటూ, పళ్లెంలో నేను విడదీసిన కుప్పలను మళ్లీ కలిపేశాను. కలిపి, మనవరాలు చూడకుండా ఒక పిడికెడు తీసి స్టీలు గ్లాసులో వేసి కిటికీ దగ్గర పెట్టాను. మేముండేది ఐదో అంతస్తు. అక్కడి నుంచి చూస్తే ఎటు చూసినా మేడలే, వాటి వెనక దూరంగా రేకుల కప్పులు. అందరివీ గ్యాసు పొయ్యిలే. ఏ ఇంటి మీదా పొగ లేవడం లేదు. ఆ గ్లాసు పట్టుకుని ఎటు పోవాలో తెలియక చాలాసేపు అక్కడే నిలబడ్డాను.