బోదురుకప్పను మింగేవాడు
ఆ ఉదయం పుంగనూరులోని ఒక కాలేజీ వేదిక మీద ఉన్నవి: తెల్ల తువ్వాళ్లు పరిచిన కుర్చీలు, మధ్యలో ఒక సోఫా, శాలువాల దొంతర, తెర మీద పెద్ద బోదురుకప్ప. ఉన్నవాళ్లు: ప్రిన్సిపాల్, అక్కడే డిగ్రీ చదివే మా చెల్లెలు, మదనపల్లె నుంచి తెచ్చిన ప్రొజెక్టర్‌ను సరిచేస్తున్న నేను.

కప్ప మా చెల్లెలిది. ఏదైనా ఒక మాట పుట్టుక చెప్పాల్సిన ఇంగ్లిష్ ఉపన్యాస పోటీకి ఆమె ఎంచుకున్నది ‘టోడీ’. అంటే పెద్దవాళ్ల చుట్టూ తిరిగి వంత పాడేవాడు. వారాల తరబడి అద్దం ముందు సాధన చేసింది.

ప్రిన్సిపాల్ తెర చూసి బెదిరిపోయారు. “ఆ కప్పను తీసేయప్పా. ముఖ్య అతిథి ఏమనుకుంటాడో!”

“యాల సార్? ఆయన్నేమీ అనలేదే,” అంది చెల్లెలు.

“ఆయన్ని కాదమ్మా. ఆయనెనకాల వస్తారే, వాళ్లు... మాట మార్చు. లేదంటే నీ పేరు తీసేస్తా.”

“ఇంకో మాట తయారు చేసుకోలేదు సార్.”

అంతలో ఎవరూ ఊహించనిది జరిగింది. ముఖ్య అతిథిగా రావలసిన నాయకుడు తన వెనకాల తిరిగేవాళ్లతో సహా చెప్పిన వేళకే వచ్చేశాడు. ఆయన కూర్చున్నాకే మిగతావాళ్లు కూర్చోవాలి, ఆయన చప్పట్లు కొట్టాకే కొట్టాలి. అది మా వైపు సభా మర్యాద. నేను లాప్‌టాప్ మూసేలోపే ఆయన తెర చూశాడు.

“ఏందప్పా ఆ కప్ప?”

“అదే అన్నా, ఏం కప్పన్నా అది!” అన్నాడు వెంట వచ్చినవాళ్లలో ఒకాయన.

“నా ఉపన్యాసం సార్,” అంది చెల్లెలు.

“అట్లనా? చెప్పు మా.” ఆయన సోఫాలో కూర్చున్నాక, వెంట వచ్చినవాళ్లు, ప్రిన్సిపాల్ కుర్చీల్లో సర్దుకున్నారు.

ఇంగ్లిష్‌లో మొదలుపెట్టి, ఆయన ముఖం చూసి తెలుగులోకి దిగింది. పూర్వం ఇంగ్లండు సంతల్లో దొంగ వైద్యుడు ఒక పనివాణ్ని వెంట తెచ్చుకునేవాడట. బోదురుకప్ప విషమని జనం నమ్మకం. పనివాడు అందరి ముందూ దాన్ని మింగేవాడు, లేదా మింగినట్టు నటించి గిలగిలా కొట్టుకునేవాడు. వైద్యుడు మందు పోయగానే లేచి కూర్చునేవాడు. ఇక మందు అమ్ముడుపోయేది. అలా యజమాని కోసం కప్పనైనా మింగేవాడు ‘టోడ్-ఈటర్’ అయ్యాడు. ఆ మాటే వాడుకలో అరిగి ‘టోడీ’ అయింది.

“ఇప్పుడు కప్పలతో పని లేదు సార్. మే నెల ఎండలో పెద్దాయన ‘ఏం సలిరా’ అంటే, ‘అవునన్నా, స్వెటర్ తెస్తానుండు’ అంటే సాలు.”

వేదిక మీది తలలన్నీ నాయకుడి ముఖం వైపు తిరిగాయి. ఆయన ముఖంలో ఏమీ తెలియలేదు. చెల్లెలు మైకు గట్టిగా పట్టుకుని నిలబడింది. అప్పుడు, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటున్న ప్రిన్సిపాల్ ఫక్కుమన్నారు. ఆయన్ని చూసి నాయకుడు పగలబడి నవ్వాడు. మరుక్షణం వేదికంతా నవ్వింది. మొదటి శాలువా నాయకుడు మా చెల్లెలికే కప్పాడు.

వేదిక మీద ఆయనకంటే ముందు నవ్వినవాళ్లు: ఒకరు.