పిడికెడు బియ్యం డబ్బా

మా చిన్నప్పుడు అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి, గూట్లో ఉన్న రేకు డబ్బాలో వేసేది... "ఇవి దేవుడివి, వీటి జోలికి రాకండి" అనేది. పూటకో పిడికెడు. ఆదివారం ఆ డబ్బా చర్చికి వెళ్లేది. కొల్లేటి ఒడ్డున మా ఊళ్లో, చర్చికి వెళ్లే ప్రతి ఇంట్లోనూ ఇలాంటి డబ్బా ఒకటి ఉండేది.

దాన్ని ఎవరు మొయ్యాలన్నదే నాకూ మా అక్క సువార్తకూ గొడవ. అక్కకి పన్నెండు, నాకు తొమ్మిది. నాకేమో కోపం ముక్కు మీదే ఉండేది...

ఒక ఆదివారం చర్చి ఊడవాలని అమ్మ ముందే వెళ్లిపోయింది. కాలవ గట్టు మీద అక్క డబ్బా ఇవ్వనంది. "నువ్వు పారబోస్తావురా, నేనే తెస్తాను" అంది. అంతే... లాక్కుని, దాంతోనే కొట్టాను. రేకు అంచు కనుబొమ్మ మీద కోసుకుపోయింది. బియ్యమంతా బురదలో పడ్డాయి.

అక్క ఏడవలేదు. పరికిణీ అంచుతో రక్తం అదుముకుంటూ, బురదలోంచి బియ్యం ఏరుతూ కూర్చుంది. నేను బిక్కచచ్చిపోయి నిలబడ్డాను.

అమ్మకి మాత్రం "కాలు జారి పడ్డానమ్మా" అని చెప్పింది. అమ్మ గాయానికి పసుపు అద్దుతూనే వీపు మీద రెండు తగిలించింది. "దేవుడి బియ్యం నేలపాలు చేశావా! కళ్లెక్కడ పెట్టుకుని నడుస్తున్నావే?" అంది. నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు. "నేనే కొట్టాను" అనడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి?

నా కోపం నాతోపాటే పెరిగింది. ఇరవై రెండేళ్లప్పుడు పనిచేసే చోట ఒకతని చొక్కా పట్టుకున్నాను, ఉద్యోగం ఊడింది. సిగ్గేసి పాస్టరు అయ్యగారి దగ్గర కూర్చుని ఏడ్చేశాను. ఆయన ప్రార్థన చేసి, "ఇంట్లో ఎప్పుడు కోపం వచ్చినా, నోరు తెరవకముందే వెళ్లి మీ అమ్మగారి డబ్బాలో పిడికెడు బియ్యం వెయ్యి బాబూ. 'ప్రభువా, నన్ను పట్టుకో' అంటూ వెయ్యి" అన్నారు.

రెండు రోజులకే డబ్బా నిండిపోయింది! "ఒరేయ్, నీ కోపానికి మనం పస్తులుండాల్సొచ్చేలా ఉందిరా" అని అమ్మ ఒకటే నవ్వు. ఏడాది తిరిగేసరికి నేను వేసే పిడికిళ్లు తగ్గాయి... ఆ ప్రార్థన మాత్రం నాలుక మీద ఉండిపోయింది. నిజంగానే ప్రభువు నన్ను పట్టుకున్నాడండీ.

దేవుడు నన్నెలా మార్చాడో చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు. చొక్కా పట్టుకోవడం, ఉద్యోగం పోవడం, బియ్యం సంగతి... అన్నీ చెప్పాను. అందరూ "స్తోత్రం" అన్నారు. అత్తిలిలో అత్తారింటి నుంచి వచ్చిన అక్క, ఆడవాళ్ల చాపల మీద ముందు వరుసలో కూర్చుని, అందరికంటే గట్టిగా అంది. కొంగు కనుబొమ్మల దాకా కప్పుకుని ఉంది. దాని కింద ఉన్న ఆ గాయం మచ్చ సంగతి మాత్రం నేను ఎత్తలేదు.

బయటికొచ్చాక అమ్మ మురిసిపోతూ, "చూడవే, నువ్వు ఆ రోజు డబ్బాడు బియ్యం పారబోశావు... నా కొడుకు డబ్బాలకి డబ్బాలు నింపాడు" అని అక్కని ఆటపట్టించింది. అక్క నవ్వి ఊరుకుంది. నేనూ ఊరుకున్నాను. మైకులో అంత సాక్ష్యం చెప్పినవాడికి, అమ్మ ముందు ఆ ఒక్క మాట రాలేదు.

పోయినేడాది అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. మొన్న అత్తిలి వెళ్లి, అక్క చేతులు పట్టుకుని క్షమించమన్నాను. "ఆ రోజే క్షమించేశాన్రా వెర్రోడా" అంది. నాకు మంచినీళ్లు అందిస్తూ, "అమ్మకి ఒక్కసారి చెప్పి ఉంటే బాగుండేదిరా..." అంది.

ఇప్పుడు చర్చికి ఎవరూ బియ్యం డబ్బాలు తేవడం లేదు. కానుకలు కూడా ఫోన్లోనే పంపేస్తున్నాం... తాడేపల్లిగూడెంలో మా వంటింట్లో మాత్రం అమ్మ డబ్బా ఉంది, అంచు సొట్టపోయి.

మీరూ ఇలాంటిది ఏదైనా దాచుకుని ఉంటే, కామెంట్లో తర్వాత రాద్దురుగానీ... ముందు ఆ మనిషి ఉండగానే వెళ్లి చెప్పేయండి.

అమ్మా... ఆ రోజు బియ్యం పారబోసింది నేనే.