ఆరింటి గోలీ

ఆమె పేరు నా ట్రైనింగ్ జాబితాలో కనబడిన రోజు, ఆస్పత్రి నుంచి హుస్సేనీ ఆలంలోని ఇంటికి నడిచే వెళ్ళాను. ఆటో ఎక్కితే ఆ సంతోషం తొందరగా అయిపోతుందనిపించింది. పదకొండేళ్ళుగా నేను కాచుకుని ఉన్న మనిషి తనంతట తానే వచ్చి నా చేతికి చిక్కింది.

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళను ఎలా చూసుకోవాలో నర్సులకు నేర్పడం నా పని. నేను పాస్ చేయనిదే మా దగ్గర ఎవరికీ ఆ వార్డులో డ్యూటీ పడదు. ఆమె ఒకప్పుడు నాకు ఇన్‌ఛార్జి సిస్టర్. రిటైరయ్యేలోగా ఆ కొత్త కిడ్నీ వార్డుకు ఇన్‌ఛార్జి కావాలని ఆమె ఆశ. కానివ్వకూడదని నా పంతం.

ఆమె వార్డులో ఒక ఆనవాయితీ ఉండేది. పొద్దున ఆరింటికల్లా అందరిచేతా గోలీలు మింగించేయాలి. ఎనిమిదింటికి తాను వచ్చేసరికి ట్రేలు ఖాళీగా కనబడాలి. కొత్త కిడ్నీ పెట్టించుకున్నవాళ్ళ దగ్గర ఆ పద్ధతి పనికిరాదు. ఒళ్ళు ఆ కిడ్నీని పరాయిదని తిప్పికొట్టకుండా ఆపే గోలీ ఒకటి ఉంటుంది. రక్తంలో అది ఎంత ఉందో తెలియాలంటే ముందు రక్తం తీయాలి, ఆ తర్వాతే గోలీ ఇవ్వాలి.

లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసే ఒకాయనకు, ఆమె వార్డులోనే, నేను రక్తం తీయకముందే గోలీ ఇచ్చాను. ఒక్క రోజు కాదు, వారమంతా. ఆ తర్వాత తీసిన రక్తంలో మందు ఎక్కువగా కనబడింది. డాక్టర్లు మోతాదు తగ్గిస్తూ పోయారు. ఆయన భార్య ఇచ్చిన కిడ్నీ నెల తిరక్కుండానే పాడైంది.

విచారణలో ఇన్‌ఛార్జి ఒకటే మాట అంది. "నేను గట్ల చెప్పనే లేదు సార్." తప్పు నాదేనని కాగితం రాసిచ్చింది నేను. మర్నాడు ఆ భార్య నన్ను వరండాలో ఆపి, "మై దియే సో గుర్దా గయా కతే, సిస్టర్?" అని అడిగింది. తానిచ్చిన కిడ్నీ పోయిందట కదా అని. ఆమె నన్ను తిట్టి ఉంటే ఇన్నేళ్ళు ఇంత కసి ఉండేది కాదేమో.

ప్రాక్టికల్ పరీక్ష రోజు పన్నెండుమంది కూర్చున్నారు. ముందు వరసలో, దబీర్‌పురా నుంచి వచ్చే మగ నర్సు ఒకతను నేను దగ్గినా రాసుకునేలా ఉన్నాడు. మొదట ఆమెనే పిలిచాను. మంచం మీద బొమ్మ, పక్కన గోలీల ట్రే, రక్తం తీసే సూది.

"ఆరయింది సిస్టర్. ఏం చేస్తరు?"

ఆమె తడుముకోలేదు. "ముందు బ్లడ్ తీస్త. తర్వాతనే గోలీ."

"ఈ సంగతి ఎప్పుడు తెలిసింది మీకు?"

ఆమె నన్ను తేరిపార చూసింది. "అప్పుడు గూడ ఎరుకేనమ్మా. నీకూ ఎరుకే. గోలీకి ముందే బ్లడ్ తీయాల్నని ఫారం మీద రాసున్నది చదివి నా దిక్కు చూసినవ్. నేను మొఖం తిప్పుకున్న. నువ్వు ట్రే పట్టుకొని పోయినవ్."

నిజమే. అడిగితే ఆమె లొల్లి చేస్తుందని భయపడ్డాను. కానీ ఇంత దూరం వచ్చాక తగ్గదలచుకోలేదు. ఆమె పేరు ఎదురుగా ఫెయిల్ అని రాసి, గదంతా వినబడేలా చెప్పాను.

"జవాబు కరెక్టే. కానీ తప్పని తెలిసీ చేసినోళ్ళకు ఈ వార్డుల జాగ లేదు."

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ వెళ్ళి కూర్చుంది. నా కడుపు చల్లబడింది. అబద్ధం ఎందుకు, ఆ క్షణం మస్తు హాయిగా ఉంది.

ముందు వరసలోని అతను కలం ఆపి చెయ్యెత్తాడు. గొంతులో వెటకారం లేదు. పాఠంలో అర్థంకాని చోట అడిగినట్టే అడిగాడు.

"మరి మీరెట్ల వచ్చిన్రు మేడం?"

భోజనానికి లేవమన్నాను. ఎవరూ లేవలేదు.