ఎవరూ తెరవకూడని ఉత్తరం

చిక్కపేట వెనక సందులో చౌడమ్మకు వచ్చే ఉత్తరాలకున్న మర్యాద పెద్ద పెద్ద షావుకార్ల ఉత్తరాలకు కూడా లేదు. ఆమె మొగుడు అశ్వత్థప్ప సైగాన్ పట్నంలో మన దేశపు కాన్సులేట్‌లో కారు డ్రైవరు. అక్కణ్ణించి సర్కారు కాగితాలు వచ్చే సంచికి లక్క సీలు వేస్తారు. దాన్ని ఆ దేశపు పోలీసులు గానీ సుంకం అధికారులు గానీ విప్పడానికి వీల్లేదు. డ్రైవరు ఉత్తరం కూడా ఆ సంచిలోనే ఢిల్లీ దాకా దర్జాగా వచ్చి, అక్కడ స్టాంపు అంటించుకుని బెంగళూరు చేరేది.

అంతటి ఉత్తరాన్ని చిక్కపేటలో మాత్రం సందు సందంతా వినేది. చౌడమ్మకు చదువు రాదు. చీరల దుకాణంలో గుమాస్తా గోపాలప్ప సాయంత్రం ఇంటికి పోతూ వీళ్ళ అరుగు మీద కూర్చుని చదివి పెట్టేవాడు. అతనిది పెద్ద గొంతు. అత్త సొన్నమ్మ పక్కనే చతికిలబడేది. ఇరుగు పొరుగు పనులు మానుకుని మరీ చేరేవాళ్ళు. ఇంత సభలో మొగుడికి ఏమని రాయించుకుంటుంది పాపం? అందరం క్షేమం, వానలు పడ్డాయి, అత్తకు మోకాలి నొప్పి తగ్గింది. రెండేళ్ళుగా ఇదే పాట. ఇక్కడి సభ సంగతి తెలిసినవాడు కాబట్టి అశ్వత్థప్ప కూడా క్షేమంతోనే సరిపెట్టేవాడు.

పెళ్ళయిన ఏడాదిన్నరకే వెళ్ళాడు. అంతకు ముందు దండులో, అంటే కంటోన్మెంటులో, ఒక ఆఫీసరు కారు నడిపేవాడు. స్వతంత్రం వచ్చిన ఏడాది చివర ఆ ఆఫీసరును సైగాన్‌కు వేశారు. నమ్మకమైనవాడని అశ్వత్థప్పను కూడా రెండేళ్ళ ఒప్పందం మీద వెంటబెట్టుకు పోయారు. చౌడమ్మ పగలంతా ఇంట్లో పట్టునూలు కండెలు చుట్టేది. వీధిలో ఏ మోటారో ఆగి పెట్రోలు వాసన గుమ్మంలోకి వస్తే చాలు, ఆమె చెయ్యి ఆగిపోయేది. అది అతని చొక్కా వాసన. మనిషి మీద బెంగ అంటే ఏమిటో తెలియనివాళ్ళు దీన్ని చూసి నవ్వుకోవచ్చు, నాకు మాత్రం నవ్వు రాదు.

ఒప్పందం ముగుస్తోంది, డిసెంబరు పదో తారీకు ఓడలో బయల్దేరి వస్తానని ఒక ఉత్తరంలో రాశాడు. చౌడమ్మ వంటింటికి సున్నం కొట్టింది, పాత చాప పారేసి కొత్త చాప కొంది. సరిగ్గా అప్పుడే, నవంబరు మొదట్లో, మరో ఉత్తరం దిగింది. గోపాలప్ప గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. నాలుగు ముక్కలు చదివేసరికి ఆ గొంతు తగ్గిపోయింది.

"బియ్యం మిల్లు ముందర నేను కారులో ఉండగా, నా కండ్ల ఎదురుగానే ఒక వ్యాపారి లారీ రిక్షావాడిని గుద్ది చంపింది. తప్పు చచ్చినవాడిదే అని లారీవాళ్ళు అంటున్నారు. చూసినవాడిని నేనొక్కడినే. కాన్సులేట్‌లో పనిచేసేవాళ్ళను సాక్ష్యానికి రమ్మని ఇక్కడి కోర్టు బలవంతం చేయకూడదంట. నేనుగా పోతానంటే మా ఆఫీసరు ఒప్పుకుంటానన్నారు. పోతే కేసు తీరేదాకా ఇంకో ఆరు నెలలు ఇక్కడే ఉండాల. ఆ రిక్షావాడి పెండ్లాం దినామూ మా గేటు ముందర నిలబడుతుంది. నా మొగం చూస్తుంది, ఏమీ అడగదు. చౌడమ్మా, నువ్వు ఎట్ల చెప్తే అట్ల చేస్తాను."

సొన్నమ్మ తడుముకోలేదు. "ఓడ ఎక్కమని రాయప్పా. కోర్టే పిలిచే దానికి లేదంటే, ఆ యమ్మ గొడవ మనకేల?"

"చట్టం మన పక్కనే ఉండాది చౌడమ్మా," అన్నాడు గోపాలప్ప. "వాడు వచ్చేస్తే ఎవురూ ఏమీ అనలేరు."

రమ్మను, అన్న ఒక్క మాట చాలు. ఆ మాట కోసం రెండేళ్ళుగా చౌడమ్మ నాలుక దురద పెడుతోంది. తప్పు పట్టేవాళ్ళు కూడా ఎవరూ లేరు. "రేపు చెప్తా అన్నా," అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు సభ రెట్టింపయింది. గోపాలప్ప కాగితం తొడ మీద పెట్టుకున్నాడు.

"చూసిండేది చూసినట్టు కోర్టులో చెప్పేసి రమ్మను అన్నా," అంది చౌడమ్మ.

"ఏమే, నీకు మతి ఉండాదా?" అని లేచింది అత్త. "కొత్త చాప కొనింది నువ్వే కదే!"

"ఆ యమ్మ ఎంత కాచుకున్నా ఆమె మొగుడు రాడు అత్తా. నాకు వచ్చేవాడు ఉండాడు."

గోపాలప్ప అది రాసి, కాగితం అడుగుకు వచ్చి, "అందరం క్షేమం అని పెట్టేదా?" అన్నాడు అలవాటు ప్రకారం.

"వద్దు. ఇన్ని దినాలూ క్షేమం అని రాయించిందంతా అబద్ధమని రాయి. ఆయన లేకుండా నా చేత కాలేదని రాయి. అందరి ముందరే చెప్తా ఉండా, రాయన్నా."

ఎదురింటివాళ్ళు ఎటు చూడాలో తెలియక నేల చూశారు. సొన్నమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. గోపాలప్ప తల ఎత్తకుండా అక్షరం పొల్లుపోకుండా రాశాడు.

డిసెంబరు ఆఖరులో, ఆ ఓడ ఎక్కి ఉంటే అశ్వత్థప్ప మద్రాసు బండి దిగవలసిన రోజు వచ్చింది. పొద్దున్నే పూలు తెస్తానని అత్తకు చెప్పి చౌడమ్మ స్టేషనుకు పోయింది. రాడని తెలుసు. ఉండమని రాయించింది తనే. అయినా మూడో తరగతి పెట్టెల నుంచి దిగిన ఒక్కొక్క మొహాన్నీ చూసింది. జనమంతా పోయాక ఒక ముసలి కూలీ దగ్గరికి వచ్చి, ఎవరు రావాలమ్మా అని కన్నడంలో అడిగాడు.

"మా ఇంటాయన," అంది చౌడమ్మ. "ఇంకా ఆరు నెలలు ఉండాది."