హాల్లో పొయ్యి

మొన్న మా కొత్త ఫ్లాట్‌లో కరెంటు పొయ్యి మీద పాలు పొంగించాం. మాడిన పాల వాసనకు నంద్యాల బంగళా గుర్తొచ్చింది.

ఎప్పుడో ఒక తెల్లదొర కట్టించుకున్న ఆ బంగళాలో, నా చిన్నప్పుడు, నాయన అద్దెకు దిగాడు. వాలు పెంకుల కప్పు, లావుపాటి స్తంభాల వరండా, హాల్లో గోడకు ఇటుకల పొయ్యి. దొరసాని అక్కడే కూర్చుని జొన్నరొట్టెలు కాల్చేదని నేను గట్టిగా నమ్మాను. పాలు పొంగించడానికి ఆళ్లగడ్డ నుంచి వచ్చిన అవ్వ కూడా అదే నమ్మింది. ముఖం తెలియని వీధిలో పిలిస్తే ఎవరొస్తారని అమ్మ దిగులు అమ్మది.

"అది చలి కాచుకునేదానికి మా," అన్నాడు నాయన.

"నంద్యాలలో చలి యాడుందప్పా? పొయ్యి ఈడుంటే పాలు ఈడనే పొంగల్ల!" అని అవ్వ పాలగిన్నె పెట్టి పుల్లలు అంటించింది.

పొగగొట్టం నిండా పావురాల గూళ్లు. పొగంతా హాల్లోకే తిరిగొచ్చింది. మేం దగ్గుకుంటూ వరండాలోకి పరుగెత్తాం. ఇల్లు అంటుకుందనుకుని వీధి వీధంతా నీళ్ల బిందెలతో వచ్చింది. వాళ్లందరికీ ఆ పొంగి మాడిన పాలే పోయడానికి అమ్మకు గ్లాసులు చాలలేదు.

అవ్వ కళ్లు తుడుచుకుంటూ, "సూడు, పిలవకుండానే అందరొచ్చినారు. పొయ్యి మంచిదే," అంది.

మొన్న మా పాలూ బాగానే పొంగాయి. ఎదురింటి తలుపు మాత్రం తెరుచుకోలేదు. కరెంటు పొయ్యికి పొగ రాదు కదా.