సోమవారం హాజరు

నేను టైపు కొట్టిన బెయిలు పిటిషన్లు పరిస్తే తిరుపతి కోర్టు ఆవరణ నిండిపోతుంది. రేకుల పంచ కింద ఒక బల్ల, ఒక టైపు మిషను, నేను. "ఇంటికి ఇతనే ఆధారం" అన్న వాక్యాన్ని కళ్లు మూసుకుని కొట్టగలను. తొంభైల చివర్లో ఒకరోజు దాన్ని మా తమ్ముడి కోసం కొట్టమన్నారు. కొట్టలేదు. వాడు ఇంటికి ఆధారమేమిటి, ఇల్లే వాడిని మోస్తుంటే!

వాడు తిరుచానూరు, తిరుపతి మధ్య ఆటో తోలేవాడు. మూడేళ్లుగా గంజాయికి బానిస. సీటు కింద చిన్న పొట్లంతో పోలీసులకు దొరికాడు. మా లాయరు చెడ్డాయనేం కాదు.

"చిన్న పొట్లమే గదమ్మా. తప్పు ఒప్పుకుంటే జుల్మానాతో పోతాది" అన్నాడు.

"ఇంటికొచ్చి మళ్లా తాగుతాడు సార్."

"అది మన కేసు గాదు."

"నాకు అదే కేసు."

మత్తుమందుల చట్టంలో ఒక సెక్షను ఉంది. తక్కువ సరుకుతో దొరికిన బానిసను, అతను ఒప్పుకుంటే, జైలుకు బదులు చికిత్సకు పంపొచ్చు. బాండు రాయించుకుని, కోర్టుకు వచ్చి తన సంగతి చెప్పుకోమనొచ్చు. ఎప్పుడో ఎవరి కోసమో కొట్టిన కాగితంలో చూశాను కాబట్టి గుర్తుంది. "పుస్తకంలో ఉండాది గానీ ఈడ ఎవురూ అడగరు మా" అన్నాడు లాయరు. ఆయన ఇంకా ఏదో అంటుండగానే మిషనులోకి కాగితం ఎక్కించాను.

మేజిస్ట్రేటు ఒకావిడ. మా పిటిషను రెండుసార్లు చదివింది. నేరం రుజువైందని రాసి, శిక్ష వేయకుండా వాడిని పెద్దాసుపత్రికి పంపింది. వార్డు నుంచి వచ్చాక ఏడాదిపాటు ప్రతి సోమవారం డాక్టరు చీటీతో హాజరు కావాలి. "మధ్యలో జారితే జారానని వచ్చి చెప్పు. దాచావంటే మాత్రం జైలే" అంది. అది నా చెవికి తీర్పులా కాదు, ఇంట్లో పెద్దావిడ మాటలా వినిపించింది.

తప్పు మా ఇంట్లోనే జరిగింది. దాంట్లో నాకూ వాటా ఉంది. వార్డు నుంచి వచ్చిన రోజే నాయన వాడిని కాణిపాకం తీసుకుపోతానన్నాడు. మా చిత్తూరు వైపు ఏ తగవైనా, ఏ దురలవాటైనా చివరికి చేరేది అక్కడికే. తలస్నానం చేసి, తడిబట్టలతో వినాయకుడి ముందు ప్రమాణం చేస్తే ఇక మాటకు తిరుగులేదు. నేను అడ్డం చెప్పలేదు సరికదా, బస్సులో పక్కన కూర్చుని దగ్గరుండి తీసుకుపోయాను. జన్మలో ముట్టనని వాడు చెప్తుంటే కళ్లు తుడుచుకున్నాను కూడా. కోర్టు ఒకటి అడిగింది, మేము ఇంకొకటి చేయించామని అప్పుడు తట్టలేదు.

నాలుగు సోమవారాలు బుద్ధిగా వచ్చాడు. ఐదో సోమవారం రాలేదు. పొద్దున రెండుసార్లు పేరు పిలిచారు. భోజనాల తర్వాత పిలిచేసరికి రాకపోతే వారెంటేనన్నాడు లాయరు. నేను మిషను మీద గుడ్డ కప్పేసి, ఆటో స్టాండులో విచారించుకుంటూ అలిపిరికి పోయాను. కొండ మెట్ల దగ్గర తల వంచుకుని కూర్చున్నాడు. నాయన నాకంటే ముందే వచ్చి పక్కన నిలబడి ఉన్నాడు.

"శుక్రవారం తాగినానక్కా. ఒకసారే. దేవుడి దగ్గర ప్రమాణం తప్పినోడిని, ఇంగ నాకు కోర్టెందుకు? కొండెక్కి గుండు కొట్టించుకుని యాడికన్నా పోతా."

"కుక్క తోక వంకర" అన్నాడు నాయన, వాడికి వినబడేలాగే.

నాకు ఒళ్లు మండిపోయింది. "రేయ్, దేవుడితో ఏం చెప్పినావో అది నువ్వూ ఆయనా చూసుకోండి. కోర్టుకు నువ్వు రాసిచ్చింది నేను టైపు కొట్టినాను. జన్మలో తాగనని దాంట్లో లేదు. వచ్చి ఉన్నది చెప్తానని ఉండాది. లెయ్!"

"ఏమ్మే, మాట తప్పినోడని నలుగురి ముందర వాడి నోటితోనే చెప్పిస్తావా? మన పరువేం గావాల?" అన్నాడు నాయన.

"వాడు జైలుకు పోతే పెరుగుతాదా నాయనా పరువు?"

జీవితంలో నాయనకు ఎదురు చెప్పడం అదే మొదలు. చెప్పినందుకు ఇప్పటికీ బాధ లేదు. వాడి చేయి పట్టుకుని లేపి, వాడి ఆటోను వాడితోనే కోర్టుకు తోలించాను.

మూడోసారి పేరు పిలిచినప్పుడు వాడు బోనులో ఉన్నాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

"తాగినాను మేడం. శుక్రవారం."

"ఎవరు పట్టుకున్నారు?"

"ఎవురూ పట్టుకోలేదు. నేనే చెప్తాండా."

ప్రభుత్వ లాయరు లేచాడు. మళ్లీ నేరం చేయనని కూడా బాండులో ఉందని, శిక్ష వేయాల్సిందేనని అన్నాడు. అదీ నిజమే, ఆ వాక్యం కూడా నేనే కొట్టాను. మేజిస్ట్రేటు కాగితాలు తిప్పింది. "ఇతను చెప్పకపోతే మీకు తెలిసేదా?" అని ఆయనను అడిగింది. ఆయన కూర్చున్నాడు. ఇంకో వారం వార్డులో ఉండాలని, ఆ తర్వాత నెలపాటు సోమవారంతో పాటు గురువారం కూడా హాజరు కావాలని రాసింది. వరండాలోకి వచ్చి నేను బోరున ఏడ్చేశాను.

ఈసారి వార్డు నుంచి వచ్చిన రోజు, మళ్లీ కాణిపాకం పోదామన్నాడు నాయన. వాడు చెప్పులు విప్పుతూ, "వద్దు నాయనా. ఒట్టేసుకుంటే దాచాలనిపిస్తాది" అన్నాడు. నాయన వారం రోజులు మా ఇద్దరితో మాట్లాడలేదు.

ఏడాది తిరిగింది. కోర్టు హాజరు ముగిసి, కేసు కట్ట అటకెక్కింది. తర్వాతి సోమవారం పొద్దున రేకుల పంచ ముందు ఆటో ఆగింది. వాడు దిగకుండానే, "ఈ వారం తాగలేదక్కా" అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎప్పుడెప్పుడో రెండు సోమవారాలు "తాగినానక్కా" అన్నాడు. ఆ రెండు రోజులూ మిషను మీద గుడ్డ కప్పి వాడితో ఆసుపత్రికి పోయాను. మా బంధువులకు వాడు ఇప్పటికీ ప్రమాణం తప్పినవాడే. అననీ. ఇన్నేళ్లలో సోమవారం మాత్రం ఒక్కటీ తప్పలేదు.