చీర కోసినంక పో

ఫిజిషియన్ అసిస్టెంట్ కోర్సుకు దరఖాస్తు పెడుతున్నానని నేను మొట్టమొదట చెప్పింది గద్వాల నెట్ సెంటర్ ఆయనకు. చెప్పక తప్పదు, ఫారం నింపేది ఆయనే కదా. కీబోర్డు మీద చేతులు ఆపి అడిగాడు.

"నర్సు కోర్సా అక్కా?"

"కాదు."

"మరి కాంపౌండరా?"

"కాదు."

"డాక్టరైతే కాదు గదా?"

"కాదు."

"మరి ఏం గావాల్నని పోతున్నవ్?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "డాక్టరుకు, రోగానికొచ్చినోళ్లకు నడుమ ఉండేదాన్నైత. జర నింపు తమ్మీ" అన్నాను. నింపాడు. వయసు గడి దగ్గర ఒకసారి నా మొహం చూసి, ముప్పై ఒకటి అని కొట్టి ఊరుకున్నాడు. పాపం, మంచివాడే.

నడుమ ఉండే మనిషి ఎంత అవసరమో నాకు కర్నూలు దవాఖానలో తెలిసింది. మూడేళ్ల కింద మా ఆయనను అక్కడ చేర్చాం. పొద్దున పెద్ద డాక్టరు వచ్చేవాడు, నాలుగు మాటలు చెప్పేవాడు, పక్క మంచానికి పోయేవాడు. ఆయన తప్పేం లేదు, ఆ వార్డులో అందరికీ ఆయన ఒక్కడే. నేను మాత్రం అన్నిటికీ తలూపేదాన్ని. ఇంటర్ బైపీసీ చదివినదాన్నే అయినా, ఆ మంచం పక్కన నిలబడితే ఒక్క ముక్క ఎక్కేది కాదు.

ఒకరోజు డాక్టరు వెనకాల వచ్చే అమ్మాయి, అందరూ వెళ్లిపోయాక తిరిగొచ్చి స్టూలు మీద కూచుంది. మందుల చీటీ వెనక గుండె బొమ్మ గీసింది, రెండు పక్కల ఊపిరితిత్తులు గీసింది. "ఇది అలసిపోయిందక్కా. అందుకే ఇక్కడ నీరు చేరుతోంది" అని చెప్పింది. బతుకుతడా అని అడిగాను. ఆ అమ్మాయి చూపు తిప్పుకోలేదు. "కష్టం అక్కా. మీవాళ్లను పిలిపించుకోండి. మీరు పక్కనే ఉండండి" అంది. నాకు ఆ పిల్ల మీద కోపం రాలేదు. అన్ని రోజుల్లో నన్ను మనిషిగా లెక్కపెట్టి నిజం చెప్పింది ఆమె ఒక్కతే. ఆమె చెప్పబట్టే మా ఆయన పోయేటప్పుడు నేను టీకొట్టు దగ్గరో మందుల షాపు దగ్గరో లేను. ఆయన చెయ్యి పట్టుకుని ఉన్నాను. నువ్వు డాక్టరువా అని అడిగితే, ఫిజిషియన్ అసిస్టెంట్‌నని తన ఉద్యోగం పేరు చెప్పింది. ఆ చీటీ మీదే తెలుగులో రాసుకున్నాను.

ఆయన పోయాక ఇంట్లో మిగిలింది ఇద్దరం, నేనూ మా అత్తా. మాది గద్వాల చీరలు నేసే ఇల్లు. మా చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసే చోట ప్రతి పోగునూ మెలేసి పట్టించాలి, అందుకే ఒక్కరి చేతులు చాలవు. గుంతమగ్గం మీద ఒకరు నేస్తుంటే పక్కన ఇంకొకరు కూచుని అంచు చూడాలి. ఇంతకుముందు మా ఆయన నేసేవాడు, అంచు నాది. తర్వాత ఆయన కూచున్న చోట అత్త కూచుంది. నా చోటు నాదే. మోచెయ్యికి మోచెయ్యి తగిలేంత దగ్గర పొద్దంతా కూచునేవాళ్లం. నేను లేస్తే మగ్గం ఆగుతుంది. ఆమె లేచినా ఆగుతుంది.

ఆమెకొక పట్టింపు ఉండేది. కర్నూలుకు పోయిన రోజు మా ఆయన మగ్గం మీద సగం చీర వదిలిపోయాడు. "రెండు దినాలల్ల వస్త, అట్లనే ఉండనీ" అన్నాడు. ఆ సగం చీరను తర్వాత మేమిద్దరం పూర్తి చేశాం. చెయ్యి మారితే గుడ్డకు తెలుస్తుంది. ఆయన నేత ఎక్కడ ఆగిందో, మాది ఎక్కడ మొదలైందో అడ్డంగా ఒక గీత కనిపించేది. నూలిచ్చే సేటు దాన్ని వేలితో తడిమి, ఏమీ అనకుండా మడిచి పెట్టుకున్నాడు. అప్పటినుంచి అత్త, సగం చీర మగ్గం మీద ఉండగా ఇంట్లో ఎవరూ ఊరు దాటొద్దంది. ఎవరూ అంటే ఎవరు, నేనే. నవ్వితే నవ్వండి గానీ, గుండె బొమ్మ చూసి అర్థం చేసుకున్న నేను కూడా దాన్ని నమ్మాను.

కోర్సు సంగతి ఆమెకు చెప్పలేదు. మూడేళ్లు చదువు, ఒక ఏడాది దవాఖానలో పని. నాలుగేళ్లు అంచు ఎవరు చూస్తారు? అడిగితే వద్దంటుందని భయం. ఏమీ అనకుండా సరేనంటుందేమోనని అంతకంటే భయం. మోచెయ్యి తగిలే దూరంలో కూచుని ఒక మాటను నెలలకొద్దీ దాచిపెట్టడం ఎట్లా ఉంటుందో నన్నడగండి. అంత ఒంటరితనం నాకు మా ఆయన పోయినప్పుడు కూడా తెలియలేదు. అప్పుడు ఏడవడానికైనా ఇద్దరం ఉన్నాం.

చదువుకున్న కాగితాలకు నాగర్‌కర్నూల్ పోవాల్సొచ్చింది, నా ఇంటర్ అక్కడే. అప్పుడు నేత పూర్తయి చీరను మగ్గం మీంచి కోసిన మర్నాడు కాబట్టి మగ్గం అడ్డు లేదు. లింగాలలో మా అన్నను చూసొస్తానని చెప్పి బస్సెక్కి, నాగర్‌కర్నూల్‌లో దిగిపోయాను. కాలేజీలో పాత రిజిస్టరు వెతికినాయన నా పేరు దొరకగానే, "ఇన్నేండ్లకు గుర్తొచ్చిందా తల్లీ?" అని నవ్వాడు. మంచి మాటే, ఆటపట్టించాలని అన్నాడు. నేను బయటికొచ్చి బస్టాండులో కూచుని ఆ సర్టిఫికెట్‌ను మూడుసార్లు చదివాను. లోపల రిజిస్టరులో, పద్దెనిమిదేళ్ల వయసులో నేను పెట్టిన సంతకం పక్కన ఇప్పటి సంతకం పెట్టించుకున్నారు. రెండూ ఒక మనిషివి అంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

సాయంత్రం ఇంటికి రాగానే అత్త అడిగింది. "మీ అన్న మంచిగున్నడా?"

"ఉన్నడు."

"పిల్లలు?"

"ఉన్నరు."

ఆమె లేచి అన్నం పెట్టింది.

వనపర్తిలో సీటు వచ్చినట్టు ఫోనుకు మెసేజ్ వచ్చింది. మూడు రోజుల్లో ఒరిజినల్ కాగితాలతో కాలేజీకి పోయి చేరాలి, లేకపోతే సీటు పోతుంది. నేను మగ్గం మీద ఉన్నాను. మగ్గం మీద సగం చీర ఉంది. ఎంత తొందరపడ్డా ఇంకా ఐదు రోజుల పని.

ఇక దాచి లాభం లేదు. "అత్తమ్మా, నాకు వనపర్తిల సదువుకు సీటొచ్చింది" అన్నాను.

ఆమె చేతిలో, పోగును అటూ ఇటూ దాటించే నాడె ఆగలేదు. "తెల్సు" అంది.

"ఎట్ల తెల్సు?"

"లింగాలకు పోతనన్నవ్ సూడు, ఆ దినమే మీ అన్న ఫోన్ జేసిండు. చెల్లె ఎట్లుందని నన్నడిగిండు. మల్ల నెట్ సెంటరాయన కూరగాయలకాడ కలిసి చెప్పిండు. నువ్వు చెప్తవ్ చెప్తవ్ అని సూసిన."

నాకు భూమిలోకి పోవాలనిపించింది. ఎప్పుడు చేరాల్నని అడిగింది. చెప్పాను.

"చీర కోసినంక పో" అంది.

"మూడు దినాలే ఉన్నయ్ అత్తమ్మా. చీరకు ఐదు గావాలె."

"నెయ్యి."

నేశాం. తినే టైము కూడా తగ్గించి నేశాం. రెండో రోజు తొందరలో నేను అంచు దగ్గర మెలి తప్పాను. ఒకటి కాదు, వరసగా జానెడు. సేటు కూడా పట్టుకోలేనంత చిన్న తప్పు. అత్త చూసింది. "ఇప్పు" అంది. మూడు గంటలు నేసినదాన్ని పూటంతా కూచుని విప్పాం. పోగు తర్వాత పోగు తీస్తుంటే నాకు కళ్లు మండాయి. కావాలనే చేస్తోంది, నన్ను పోనివ్వకూడదనే చేస్తోంది అనుకున్నాను. అనుకోవడమే కాదు, నోటితో కూడా అన్నాను. "సగం చీర మీంచి నీ కొడుకును తోలిచ్చినవ్, నన్ను మాత్రం తోలియ్యవా?" అని.

ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నా నాలుక మీద వాత పెట్టుకోవాలనిపిస్తుంది. ఆమె విప్పుతూనే ఉంది. ఆమె పుట్టిల్లు రాయచూరు దిక్కు. బాగా దుఃఖమొస్తే కన్నడం వస్తుంది. "బ్యాడ, బ్యాడ" అని రెండుసార్లు తనలో తాను అనుకుంది. వద్దు, వద్దు అని. నన్ను వద్దంటుందో, నా మాటను వద్దంటుందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

మూడో రోజు పొద్దున స్నానం చేసి, కాగితాలు కవరులో పెట్టుకుని, ఉతికిన చీర కట్టుకుని కూడా నేను మళ్లీ పోయి మగ్గం దగ్గరే కూచున్నాను. బస్టాండు నడిచిపోయే దూరం. నన్నెవరూ కట్టెయ్యలేదు. కాళ్లు మాత్రం కదల్లేదు. సీటు పోతే పోనీ అనుకున్నాను. అట్లా అనుకోగానే కర్నూలులో స్టూలు మీద కూచున్న ఆ పిల్ల మొహం కళ్లముందుకొచ్చి, ఏడుపు ఆగలేదు.

అత్త వంటింట్లోంచి కత్తెర తెచ్చింది. నేను అర్థం చేసుకునేలోపే నేత ఆగిన చోట నిలువు పోగుల మీద కత్తెర పెట్టి కోసింది. మా ఇళ్లలో సగం చీర కొయ్యడం ఎవరూ చెయ్యరు. ఆమె చేతులతో ఆమె చేస్తుందని ఎవరైనా చెప్పినా నేను నమ్మకపోదును. పట్టు పోగులు ముందు తెగాయి, తర్వాత నూలు. కొంగు లేని, ఎవరికీ కట్టుకోవడానికి పనికిరాని గుడ్డ ఆమె ఒడిలో పడింది.

"ఇగ మగ్గం మీద చీర లేదు. లెవ్వు" అంది.

"సేటుకు ఏం జెప్తవ్ అత్తమ్మా?"

"సేటుకు నేను జెప్పుకుంట. నీ బస్సు సూసుకో పో."

కాళ్లు పట్టుకోబోతే తోసేసింది. "టైమైతుంది" అని కసిరింది.

బీచుపల్లి వంతెన మీద కృష్ణ నిండుగా ఉంది. బస్సులో అందరూ లేచి చూశారు, చిల్లర విసిరారు. నేను కవరు ఒళ్లో పెట్టుకుని కూచున్నాను. సంతోషం వస్తుందేమోనని చూశాను, రాలేదు.

కాలేజీలో క్లర్కు తల ఎత్తకుండానే "పాప ఏదమ్మా?" అన్నాడు.

"పాప లేదు సార్. నేనే."

తల ఎత్తాడు. వరసలో నా వెనకున్న ఆడపిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు అందరూ నన్ను చూశారు. కాగితాలు ఒక్కొక్కటి తీసుకుని ముద్రలు కొట్టాడు. "తండ్రా, భర్తా? ఎవరి పేరు రాయను?"

"ఇద్దరూ లేరు."

"మరి గార్డియన్?"

"మా అత్త."

"మీ అత్తనా?" అన్నాడు. అవునన్నాను. ఆమె పేరు, ఆమె చిన్న ఫోను నంబరు రాయించాను. ఆయన రసీదు చేతిలో పెట్టి, "చేరినట్టేనమ్మా" అన్నాడు. ఏ తల్లో తండ్రో పక్కనుండి వీపు తట్టే చోట నేను రసీదును నాలుగు మడతలు పెట్టుకున్నాను.

హాస్టలు గదిలో నాలుగు మంచాలు. ముగ్గురు పిల్లలు అప్పటికే సామాను సర్దుకుంటున్నారు. ఒకమ్మాయి లేచి, "ఆంటీ, మీ పాపకు కిటికీ పక్కది బాగుంటది" అంది. నాకే అని చెప్పాక ముగ్గురూ నాలుక కరుచుకున్నారు. నవ్వాను, ఏం చేస్తాను. వరండాలోకి పోయి అత్తకు ఫోన్ చేశాను.

"చేర్చుకున్నరా?" అంది ఎత్తగానే.

"చేర్చుకున్నరు."

"గదిల ఎంతమంది?"

"నలుగురం."

"మంచిగైంది. ఒక్కదానివే పండాల్నేమో అని పరేషానైన." ఊపిరి పీల్చుకుంది. "తిన్నవా?"

"ఇంక లేదు. నువ్వు?"

"తింట."

నాకు ఇంకేదో చెప్పాలని ఉంది. నిన్న అన్న మాటకు తప్పైందని చెప్పాలని ఉంది. అది రాలేదు. "రాత్రికి తలుపు గొళ్లెం పెట్టుకో అత్తమ్మా, మర్వకు" అన్నాను.

"నువ్వొచ్చినంక పెడ్తం తియ్" అంది.

అని ఆగిపోయింది. నేనూ ఆగిపోయాను. గదిలోంచి ఆ పిల్లల నవ్వులు వినిపిస్తున్నాయి.

"ఆఁ... అవుగదా" అంది కాసేపటికి. "పెట్టుకుంట."

తర్వాత చాలాసేపు ఇద్దరం ఫోను పెట్టెయ్యలేదు.